డైరెక్టుగా హార్డువేరు మీదా? ఏదీ, చూపించండి!

"మధ్యలో ఈ విఎం ఎందుకండీ? డైరెక్టుగా హార్డువేరు మీద నడిపితే పోలా?" అన్నాడు మా ప్రాజెక్టులో ఓ పెద్దమనిషి. జెడ్ విఎం కింద గెస్టుగా నడుస్తున్న మా టెస్టు జెడ్ ఓఎస్‌ని తీసి ఎల్పార్‌లో పెట్టాలట. ఒక్క స్లైడు మీదే 'బేర్ మెటల్' అని మూడుసార్లు ఉంది. నేను నోరు విప్పబోతే నెగెటివ్ యాటిట్యూడ్ అన్నారు. సరే, అక్కడ చెప్పనివ్వనిది ఇక్కడ చెప్తాను.

అసలు డైరెక్టుగా అనేదే అబద్ధం బాబూ. 1988లో ఐబీఎం 3090 మెషీన్ల మీద పీఆర్/ఎస్ఎం తెచ్చింది. మెషీన్ని ఎల్పార్లుగా కోసేది అదే. ఫర్మ్‌వేర్‌లో ఉంటుంది కాబట్టి మన కంటికి ఆనదు గానీ, అదీ హైపర్‌వైజరే. గెస్టుని నడపడానికి విఎం వాడే 'సై' ఇన్‌స్ట్రక్షన్నే అదీ వాడుతుంది. అప్పట్లో అది వద్దనుకుంటే బేసిక్ మోడ్‌లో మెషీను మొత్తాన్నీ ఒకే ఓఎస్‌కి ఇచ్చేయొచ్చు. 2003లో జెడ్990తో ఆ ముచ్చటా తీరిపోయింది, ఇక అంతా ఎల్పార్ మోడే. మేడ మీంచి కింది వాటాలోకి దిగి, మట్టి మీద పడుకున్నాననుకుంటే ఎలా?

ప్రొడక్షన్ సంగతైతే నాకు పేచీ లేదు. విఎం కింద ఉన్న జెడ్ ఓఎస్‌కి హైపర్‌డిస్పాచ్ పనిచేయదు. అసలైన కప్లింగ్ ఫెసిలిటీ అందదు, విఎం సిమ్యులేట్ చేసినదే గతి. అలాంటివాటిని ఎల్పార్‌లోనే పెట్టాలి. మాది టెస్టు సిస్టం మహాప్రభో!

మార్చే రోజు శనివారం. 'కాపీ కొట్టి ఐపీఎల్ చేయడమేగా' అన్నారు. డిస్కుల దగ్గరే మొదటి దెబ్బ. మా వాల్యూములు కొన్ని మినీడిస్కులు, ఒకటో సిలిండర్ నుంచి మొదలయ్యేవి. గెస్టుకి అదే సున్నా అని విఎం నమ్మబలికేది. ఎల్పార్‌లోంచి చూస్తే అసలు సున్నాలో విఎం వాళ్ళ లేబులుంది, మా వాల్యూము పేరే లేదు! వాటిని పూర్తి వాల్యూముల్లోకి కాపీ చేసేసరికి అర్ధరాత్రి. తర్వాత డివైస్ నంబర్లు: విఎం డైరెక్టరీలో మేం ఇష్టమొచ్చినట్టు పెట్టుకున్న నంబర్లకీ ఐఓడీఎఫ్‌లో ఉన్నవాటికీ పొంతన లేదు. ఇక లోడ్ మెంబరులో ఎవడో పుణ్యాత్ముడు ఏళ్ళ కిందట విఎంయూజర్ఐడీ ఫిల్టర్ పెట్టాడు. ఎల్పార్‌లో విఎం యూజరెక్కడ? దాని కింద రాసినవేవీ పట్టించుకోకుండా సిస్టం వెళ్ళి వెయిట్ స్టేట్‌లో కూర్చుంది. ఆదివారం సాయంత్రానికి లేచింది. సోమవారం అభినందనల మెయిలొచ్చింది, నా పేరు మూడో పేజీలో.

స్పీడ్ పెరిగిందా అంటే, పెరిగింది. టెస్టు జాబులు కాస్త త్వరగా అవుతున్నాయి. వాటికోసం ఎవరూ ఎదురుచూడట్లేదు, అంతే :)

పోయింది వేరే ఉంది. అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళకి సిస్టం ప్రోగ్రామింగ్ ఎవరూ నేర్పరు. ఐపీఎల్ అనేది వాళ్ళకి ఎవరో అర్ధరాత్రి చేసే పూజ లాంటిది. మా విఎంలో ఒక్కొక్కడికీ ఒక జెడ్ ఓఎస్ గెస్టు ఇచ్చేవాణ్ణి. ఎల్పార్‌కైతే మెమరీ ముందే కోసి కేటాయించాలి. విఎం ఉన్నదానికంటే ఎక్కువే పంచిపెట్టి, పేజింగ్‌తో నెట్టుకొచ్చేస్తుంది. పాడుచేసుకున్నవాడు వాడి గెస్టునే పాడుచేసుకునేవాడు, మళ్ళీ వాడే క్లోన్ చేసుకునేవాడు. ఐపీఎల్ ఎక్కడ ఆగిందో తెలియకపోతే సీపీ ట్రేస్ పెట్టి ఒక్కొక్క ఇన్‌స్ట్రక్షనూ చూసేవాళ్ళం. ఇద్దరు పిల్లలు అలాగే నేర్చుకుని ఇవాళ నాకే చెప్పే స్థితికొచ్చారు. దీన్ని స్లైడులో 'ఓవర్‌హెడ్' అని రాశారు.

ఇప్పుడు ఎల్పార్ ఒక్కటి, జనం పదకొండు మంది. మొన్న కొత్తగా చేరిన అబ్బాయి పార్మ్‌లిబ్‌లో ఒక్క లైను మార్చి ఐపీఎల్ చేసి చూస్తానన్నాడు. ఛేంజ్ రిక్వెస్ట్ పెట్టమన్నారు. పెట్టాడు. వచ్చే నెల రెండో ఆదివారం, తెల్లవారుజామున మూడింటికి స్లాట్ ఇచ్చారు. ఆ టైములో నన్ను కూడా పక్కన కూర్చోమన్నారు, కుర్రాడు ఏమైనా పాడుచేస్తాడేమోనని.