చట్టం తెలిసిన డాక్టరు, అడగకూడనిది అడగని కుటుంబం

గుత్తి వంటి కరవు సీమ పట్టణంలో కడుపుతో ఉన్న స్త్రీకి డాక్టరు మాటే చట్టం. ఆ డాక్టరుకే చట్టం సరిగా తెలియకపోతే ఆమె గతేమిటి?

ఈ విషయంలో మన దేశంలో రెండు చట్టాలున్నాయి. 1971 నాటి చట్టం నిర్ణీత కారణాలపై గర్భస్రావాన్ని అనుమతిస్తుంది. 2021 సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు, కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు నిర్ణయించాలి. తల్లి ప్రాణం కాపాడవలసి వస్తే ఈ గడువులు అడ్డురావు. 18 ఏళ్లు నిండిన స్త్రీ సమ్మతి చాలు, భర్త సంతకం అక్కర్లేదు. 1994 నాటి చట్టం లింగ నిర్ధారణను నిషేధిస్తుంది. సైగతో చెప్పినా నేరమే. తొలి నేరానికి మూడేళ్ల వరకు జైలు.

ఈ రెంటినీ కలగాపులగం చేసుకున్న డాక్టరు ఆపదలో ఉన్న తల్లిని భయపడి తిప్పి పంపవచ్చు. లేదా స్కానింగు గదిలో గుట్టు విప్పవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ల వరకు వయసున్న వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 961 మంది ఉండగా, 2011 నాటికి 939కి తగ్గారు.

తప్పంతా డాక్టర్లదేనా? అడిగేవారుంటేనే కదా చెప్పేవారుండేది! అడిగిన భర్త, బంధువులు కూడా శిక్షార్హులే. ఆడశిశువులను సజీవంగా పాతిపెట్టే అజ్ఞానకాలపు దురాచారాన్ని దివ్య ఖుర్ఆన్ తక్వీర్ సూరాలో ఖండించింది. ఆ గ్రంథాన్ని విశ్వసించే మన నోట ఆ ప్రశ్న రాకూడదు. డాక్టర్లకు ఈ చట్టాలపై తరచుగా శిక్షణ ఇవ్వాలని వైద్యశాఖను కోరుతున్నాము.