ఓర్పుకి దండం సరే, కూలి సంగతేమిటి?

ఆమధ్య ఒక వైద్య కళాశాలలో సర్జరీ పీజీ విద్యార్థులకి ‘ఎమోషనల్ ఇంటెలిజెన్స్ - కెరీర్‌లో విజయం’ గురించి మాట్లాడమని పిలిచారు. సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినదాన్ని, మనసుల గురించి చెప్పగలననుకున్నారు కాబోలు. నాకంటే ముందు మాట్లాడిన పెద్ద సర్జన్ గారు, ‘ఆడపిల్లలకిది పుట్టుకతోనే వస్తుంది, మగపిల్లలే నేర్చుకోవాలి’ అన్నారు. హాలంతా చప్పట్లు. సభ అయ్యాక ఒక విద్యార్థిని నా దగ్గరకొచ్చి, ‘ఏడుస్తున్న బంధువులతో మాట్లాడాలంటే నన్నే పిలుస్తారు మేడమ్. థియేటర్లో మాత్రం రిట్రాక్టర్ పట్టుకుని నిలబడమంటారు’ అంది.

పొందూరులో మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, వందో నంబరు నూలు వడికిన మనిషి. చూడవచ్చినవాళ్లంతా ‘ఎంత ఓర్పు తల్లీ!’ అనేవారు. ‘ఓర్పుకి దండవెట్టీసి ఎలిపోతారే, కూలి మాటెత్తరు’ అనేది. ఎంత ఒత్తితే పీచు తెగదో వేళ్లకి తెలియడం ఓర్పు కాదు, విద్య. విద్య అంటే ధర కట్టాలి. ఓర్పు అంటే దండంతో సరిపోతుంది.

సర్జరీలో జరుగుతున్నదీ ఇదే. 1990లో సాలొవే, మేయర్ ఎమోషనల్ ఇంటెలిజెన్స్‌ని ఒక సామర్థ్యంగానే నిర్వచించారు. 1995లో గోల్‌మన్ పుస్తకం వచ్చాక అది విజయసూత్రమై కూర్చుంది. అంతకుముందే, 1983లో, ఆర్లీ హోక్‌షీల్డ్ విమాన పరిచారికల నవ్వుని పరిశీలించి, దాన్ని శ్రమ అంది. మనకి కావలసిన మాట అది. మగవాడు నేర్చుకుంటే నాయకత్వ లక్షణం, ఆడది చేస్తే స్వభావం ఎలా అవుతుంది?

కెనడాలోని ఒంటారియో లెక్కలు చూడండి. లక్షమందికి పైగా రోగుల మీద 2017లో వచ్చిన అధ్యయనంలో, మహిళా సర్జన్లు ఆపరేషన్ చేసినవారిలో 30 రోజుల్లోపు మరణాలు స్వల్పంగా తక్కువ. అదే రాష్ట్రంలో, 2019 అధ్యయనం ప్రకారం, ఆపరేషన్ చేసే గంటకి వాళ్ల సంపాదన 24 శాతం తక్కువ. అక్కడ ఒకే ఆపరేషన్‌కి ఆడకీ మగకీ ఫీజు ఒకటే. ఎక్కువ ఫీజు వచ్చే ఆపరేషన్లే వీళ్ల చేతికి తక్కువగా వస్తున్నాయి. ఇది ఏ మనసు లోపం?

దయ అక్కర్లేదా అని అడగొచ్చు. కావాలి. సర్జన్‌కి భయపడి నర్సు ‘గాజుగుడ్డల లెక్క తేలలేదు’ అనలేకపోతే ప్రాణం పోయేది రోగికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టు, కోత పెట్టేముందు బృందంలో అందరూ పేరూ, పనీ చెప్పుకోవాలంటుంది. నోరు విప్పడానికి అక్కడ అందరికీ చోటుండాలని. కాబట్టి భావాల పాఠం ముందు చెప్పవలసింది అరిచే అధికారం ఉన్నవాడికి. అరుపులు పడి ఊరుకునే అమ్మాయికి కాదు.

ఆ రోజు నా వంతు వచ్చినప్పుడు ఇవేవీ చెప్పలేదు. సున్నితంగా నాలుగు మాటలు చెప్పి, శాలువా కప్పించుకుని వచ్చేశాను. ఆ అమ్మాయి మాట్లాడింది ఆ తర్వాత. నా మర్యాద కూడా ఆమెకి అడ్డమే అయింది.

అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. బంధువులతో మాట్లాడే పని అందరికీ వంతులవారీగా పంచండి, దానికి మార్కులు వేయండి. పీజీల లాగ్‌బుక్కులు తెరిచి, ఎవరు ఎన్ని ఆపరేషన్లు స్వయంగా చేశారో, ఎవరు ఎన్నిటికి పక్కన నిలబడ్డారో లెక్క బోర్డు మీద పెట్టండి. విజయం గురించి ఆ లెక్క చూశాక మాట్లాడుకుందాం.