రాత్రి పన్నెండుకి స్పిన్ ఎందుకు?

"రాత్రిపూట కరెంటు చవకరా" అంటుంది అమ్మ, పడుకునే ముందు వాషింగ్ మెషిన్ ఆన్ చేస్తూ. మా మీటరుకి పగలూ రాత్రీ తేడా తెలీదు. నెల మొత్తం యూనిట్లే లెక్క, శ్లాబు దాన్నిబట్టే. వేడినీళ్ల ప్రోగ్రామ్ పెడితే హీటర్ ఒక్కటే దాదాపు 2000 వాట్లు లాగుతుంది. అందరం నిద్రలో ఉండగా ప్లగ్ వేడెక్కినా, నీళ్ల పైపు ఊడినా చూసేదెవరు? కింద పోర్షన్ తాతగారికి నిమిషానికి 1000 చుట్ల స్పిన్ జోలపాటేం కాదు. తెల్లారేదాకా డ్రమ్ములో ముద్దగా పడున్న బట్టలకి ముక్కిపోయిన వాసన, మళ్లీ ఉతుకుడు.

అసలు సంగతి చవక కాదు లెండి. ఆఫీసు నుంచొచ్చి వంటా గిన్నెలూ అయ్యేసరికి అమ్మకి పదవుతుంది, అప్పుడు గుర్తొస్తాయి బట్టలు. మెషిన్‌కి డిలే స్టార్ట్ ఉంది. పొద్దున అయిదింటికి పెట్టొచ్చు. అప్పటికి నాన్న లేచి పేపర్ కోసం ఎదురుచూస్తుంటారు. ఆరేసేది మేమిద్దరమే అని చెప్పాను. అమ్మ ఇంకా నమ్మట్లేదు.