వాడ నుంచి - 31: డొక్కు కారు రాజకీయం



మనోళ్ల మధ్య కారు మాట వస్తే రెండే అభిప్రాయాలు వినబడతాయి. ఒకటి, ఉద్యమం చేసేవాడికి కారెందుకు, బస్సులో పోలేడా అని. రెండోది, కొంటే కొత్తదే కొనాలి, షోరూమ్ రిబ్బను కట్టించి ఊరి నడిమధ్య నుంచి తీసుకురావాలి, వాళ్లు చూడాలి అని. నాకు రెండూ సరిపడవు. నేను చెప్పేది మూడోది. రంగు వెలిసిపోయి, మీటరు లక్షన్నరో రెండు లక్షలో దాటేసి, లక్ష రూపాయల లోపు చేతికొచ్చే పాత కారు. అప్పు లేకుండా కొని, రోజూ తిప్పే కారు. దళితవాడల్లో పనిచేసేవాళ్లకు ఇది విలాసం కాదు, పనిముట్టు. పార పలుగు ఎట్లో ఇదీ అట్లే.

నాది 2008 మోడల్ ఆల్టో. 2021లో చీటీ పాడుకుని 92 వేలకు కొన్నాను, తిరుపతిలో రిటైరైన ఒక మేష్టారి దగ్గర. అప్పటికి మీటరు 1,31,000. ఇప్పుడు 2,07,000. ఏసీ ఉంది, చల్లగాలి రాదు. ఎడమపక్క వెనక డోరు బయటి నుంచి తీస్తేనే వస్తుంది, కాబట్టి ఆ పక్క కూర్చున్నవాళ్లను దించడానికి నేనే దిగాలి. ఊర్లో వాళ్లు నవ్వుతారు. "ఏమప్పా, మీ నాయకుడు దిగి డోరు తీస్తా ఉండాడే" అని మా వాడ ముసిలోళ్లు కూడా నవ్వుతారు. నవ్వనీ.

పూతలపట్టు ఎక్కడుందో తెలియనోళ్ల కోసం చెప్తా. చిత్తూరు నుంచి వచ్చే రోడ్డు మా దగ్గరే చీలి ఒకటి తిరుపతికి, ఒకటి పీలేరు మీదుగా కడపకు పోతుంది. హైవే మీద రాత్రీ పగలూ బండ్లే. కాణిపాకం పోయేవాళ్లు, తిరుమల పోయేవాళ్లు, వేలూరు ఆసుపత్రికి పోయేవాళ్లు, మామిడికాయల సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్ల వరస. ఇన్ని బండ్లు పోయే రోడ్డుకు మూడు నాలుగు కిలోమీటర్ల లోపల ఉన్న ఆది ఆంధ్రవాడల్లో రాత్రి ఎనిమిది దాటితే కదలాలంటే ఒకర్ని అడగాల్సిందే. దూరం మా సమస్య కాదు. అడగడం మా సమస్య.

అడిగితే ఏమవుతుందో కూడా చెప్తా. మా అమ్మ తుంటి ఎముక విరిగినప్పుడు 108 వేరే కేసులో ఉందన్నారు. ఊర్లో ఒక పెద్ద రైతు కారు అడిగినాం. ఇచ్చినాడు, కాదనలేదు. అయితే అమ్మను ఎక్కించే ముందు వెనక సీటు మీద గోతాం పరిచినాడు. రక్తం లేదు, బురద లేదు, అమ్మ ఉతికిన చీరలోనే ఉంది. డీజిలు మేమే పోయించినాం. ఆ తర్వాత రెండేళ్లు ఆయన తోటలో కాయలు కోయాలంటే మా ఇంట్లో ఎవరికీ కుదరదు అనే మాట నోటికి రాలేదు. ఓట్ల టైములో కూడా ఆ కారే గుర్తుచేసినారు. అడిగి తెచ్చుకున్న కారుకు కిలోమీటరుకు ఎంత పడుతుందో ఏ మెకానిక్కూ లెక్కగట్టలేడు.

బండికీ కులానికీ ఉన్న సంబంధం కొత్తదేమీ కాదు. అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రెండు ప్రయాణాలు రాసినారు. చాలామంది మొదటిదే చెప్పుకుంటారు. 1901లో తొమ్మిదేళ్ల పిల్లోడిగా మసూర్ స్టేషన్లో దిగి నాన్న దగ్గరికి పోవాలంటే బండివాడు ఎక్కించుకోలేదు. రెట్టింపు బాడుగ ఇస్తామన్నాక ఒప్పుకున్నాడు, అది కూడా పిల్లలే బండి తోలుకోవాలి, వాడు పక్కన నడిచొస్తాడు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది రెండోది, 1929లో చాలీస్‌గావ్‌లో జరిగింది. అప్పటికి ఆయన బారిస్టరు, బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. మహర్‌వాడకు తీసుకుపోదామంటే టాంగావాళ్లు ఎవరూ తోలమన్నారు. చివరికి టాంగా ఇస్తాం, తోలేవాణ్ని మీరే చూసుకోండి అన్నారు. ఎప్పుడూ టాంగా తోలని ఒక మహర్ పగ్గాలు పట్టుకున్నాడు. కల్వర్టు మీద చక్రం ఇరుక్కుని బాబాసాహెబ్ రాళ్ల మీద పడ్డారు, గుర్రమూ బండీ ఏట్లోకి పోయినాయి. ఆయన కాలు విరిగింది.

ఆ రోజు బండి దొరికింది, తోలడం తెలిసినవాడు దొరకలేదు. ఈ రోజు మన సంగతి తలకిందులు. తోలేవాళ్లు మనోళ్లే, బండ్లు మనవి కావు. తిరుమల ఘాట్ ఎక్కే ట్యాక్సీల్లో, గుజ్జు ఫ్యాక్టరీ లారీల్లో, నాయకుల ఫార్చ్యూనర్లలో స్టీరింగ్ పట్టుకున్న మన పిల్లలు ఎంతమందో మీకూ తెలుసు. డ్రైవర్ బతుకు యజమాని చేతిలో ఎట్లుంటుందో 2022 మేలో కాకినాడలో చూసినాం. ఒక దళిత డ్రైవర్ శవాన్ని, అంతకుముందు అతను ఎవరి దగ్గర పనిచేశాడో ఆ ఎమ్మెల్సీ కారులోనే ఇంటికి తెచ్చి దించినారు.

ప్రభుత్వాలు బండ్లు ఇవ్వలేదా అంటే ఇచ్చినాయి. చంద్రబాబు ప్రభుత్వంలో ఎస్సీ కార్పొరేషన్ ద్వారా ఇన్నోవాలు ఇచ్చినారు. జగన్ ప్రభుత్వం 2021 జనవరిలో 9,260 రేషన్ బండ్లు రోడ్డెక్కించింది, వాటిని నడిపినవాళ్లలో మనోళ్లు బాగానే ఉండారు. 2025 జూన్‌తో ఇంటింటికీ రేషన్ ఆగిపోయింది, బండ్లు గమ్యం లేకుండా నిలబడినాయి. పథకం బండి మీద ముఖ్యమంత్రి బొమ్మ ఉంటుంది, ముఖ్యమంత్రి మారితే బండి పని కూడా మారిపోతుంది. పూతలపట్టు అసెంబ్లీ 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు సీటు. సీటు మనది, స్టీరింగ్ ఎవరిదని మా వాడలో ఎవరినడిగినా చెప్తారు.

ఇప్పుడు లెక్కలు. దాచేదేమీ లేదు.

నా ఆల్టో లీటరుకు పదిహేను ఇస్తుంది. మన రాష్ట్రంలో పెట్రోలు 110కి అటూ ఇటూ. కిలోమీటరుకు ఏడు రూపాయల పైన. నేను ఏడాదికి పదిహేడు వేల కిలోమీటర్లు తిరుగుతాను, అంటే నెలకు పదివేలు పెట్రోలుకే. బస్సుతో పోలిస్తే ఎక్కువే, కాదనను. రిపేర్లకు ఇన్నేళ్లలో 95 వేలు పెట్టినాను. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్లచ్ ప్లేట్లు, ముందు సస్పెన్షన్ రెండుసార్లు, రేడియేటర్, టైర్లు, బ్యాటరీ. కారు కొన్న ధర కంటే రిపేర్లు దాటినాయి. "ఆ డబ్బుతో కొత్త కారు వచ్చేది గదా" అని ఒక మిత్రుడు అన్నాడు. రాదు. కొత్త చిన్న కారుకు ఐదు లక్షలు అప్పు తీసుకుంటే ఐదేళ్లపాటు కంతు నెలకు పదివేలు దాటుతుంది. నా రిపేర్లు నెలకు సగటున పద్దెనిమిది వందలు. పెట్రోలు రెండింటికీ పోయాల్సిందే. ఇన్సూరెన్స్ కూడా నాకు థర్డ్ పార్టీ చాలు. వెయ్యి సీసీ లోపు కారుకు 2,094, పైన జీఎస్టీ.

అసలు తేడా డబ్బులో కూడా లేదు. కంతు కట్టేవాడు నెలకు ఒకరోజు భయపడతాడు. అట్రాసిటీ కేసులో సాక్షిగా ఉన్నవాడికి ఫైనాన్స్ బండి ఉందనుకోండి, ఆ ఫైనాన్స్ ఆఫీసులో ఊరి పెద్దకు తెలిసినోడు ఒకడు ఉంటాడు. రెండు కంతులు తప్పితే బండి పోతుంది, బండితో పాటు సాక్ష్యం కూడా పోతుంది. ఇది ఊహించి చెప్పడం లేదు, నా కళ్లముందు జరిగింది. నా డొక్కు కారును ఎవడూ జప్తు చేయలేడు. చేసినా వాడికి గిట్టదు.

నా కారు ఎక్కువగా తిరిగేది చిత్తూరు కోర్టుకే. పొద్దున పాఠాలు చెప్పే కాలేజీకి పోతా పోతా సాక్షులను దించి, సాయంత్రం ఎక్కించుకొస్తాను. అట్రాసిటీ నిబంధనల్లో 11వ నిబంధన ఉంది, 1995 నాటిది. బాధితులకూ సాక్షులకూ బస్సు లేదా ట్యాక్సీ ఛార్జీ ఇవ్వాలని చెప్తుంది. మంచిదే, అడిగి తీసుకోండి, వదలొద్దు. కానీ ఆ ఛార్జీతో పొద్దున ఏడుంపావు బస్సు ఎక్కితే అదే బస్సులో ముద్దాయిలు, వాళ్ల బామ్మర్దులు ఎక్కుతారు. గంటసేపు పక్కపక్కన. ఎవరూ కొట్టరు, తిట్టరు. "ఏమ్మా, బిడ్డ పెండ్లి ఎప్పుడు పెట్టుకుంటా ఉండారు?" అని అడుగుతారు, అంతే. కోర్టులో బోను ఎక్కేటప్పటికి ఆమె నోరు ఎండిపోయి ఉంటుంది. ఏసీ లేని ఆల్టోలో వచ్చిన మనిషి చెమటతో వస్తాది, కానీ తన మాట తాను చెప్తాది.

బస్సు వద్దని నేను అనడం లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినాక మా వాడ అక్కలు పనులకు, ఆసుపత్రికి చేయి చాచకుండా పోతా ఉండారు. వాడ దాకా బస్సు రావాలని కొట్లాడుదాం. అది వచ్చేదాకా సాక్షి ఇంట్లో కూర్చోలేదు గదా.

అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ చదివినప్పుడు ఒకచోట ఆగిపోయాను. సెక్షన్ 3(1)(జడ్ఏ). ఎస్సీ, ఎస్టీలను సైకిలు, మోటారు సైకిలు ఎక్కనివ్వకుండా, బహిరంగ స్థలాల్లో చెప్పులో కొత్త బట్టలో వేసుకోనివ్వకుండా అడ్డుకోవడం నేరం. పెండ్లి ఊరేగింపులో గుర్రమైనా వేరే వాహనమైనా ఎక్కకుండా అడ్డుకోవడం కూడా. ఈ దేశ పార్లమెంటు సైకిలు పేరు పెట్టి రాయాల్సొచ్చిందంటే మన ప్రయాణం ఎంత మందిని మండిస్తుందో చూడండి. 2025 ఫిబ్రవరిలో మన పక్క రాష్ట్రం శివగంగ జిల్లాలో బుల్లెట్ నడుపుతున్నాడన్న అక్కసుతో ఒక దళిత విద్యార్థి చేతులు నరికారని కేసు నమోదైంది. కొత్త కారు కొని వాళ్ల ముందు నిలబెట్టాలి అనే తమ్ముళ్ల కోపం నాకు అర్థమవుతుంది. నేనడిగేది ఒక్కటే. వాళ్లు చూడడం కోసం మనం ఐదేళ్లు కంతులు కట్టాలా?

పాత కారు మీద ఇప్పుడు దెబ్బ ఇంకో వైపు నుంచి పడతా ఉంది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 అన్నారు. దానిపైన హరిత పన్ను. కారణం కాలుష్యం. సరే, పొగ కొలవండి. ప్రతి బండికీ పొగ సర్టిఫికెట్ ఉంది గదా, దాని మీద వేయండి ఫీజు. వయసు మీద ఎందుకు? ఇంట్లో మూడు పెద్ద బండ్లున్న దొర ఐదేళ్లకోసారి మారుస్తాడు, ఆయనకు ఈ ఫీజు ఎప్పుడూ తగలదు. ఆయన వదిలేసిన బండిని ఆయన తర్వాత నడిపేవాడికే తగులుతుంది. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలిపినా అంతే. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లను దానికి తగ్గట్టు తయారుచేస్తున్నారు. మన పాత బండ్ల రబ్బరు పైపులు, సీళ్లు ఆ పెట్రోలు కోసం చేసినవి కావు. బంకులో పాత పెట్రోలు కావాలంటే దొరకదు. పర్యావరణం బాగుపడాలి, మేమూ కోరుకుంటాం, ఎండకు మొదట మాడేది మా వాడే. కానీ ఖర్చు మాత్రం చివరి చేతికే ఎందుకు రావాలి? విద్యార్థి సంఘాలు ఈ ఫీజుల మీద ఒక్క కరపత్రమైనా వేయలేదు. స్కాలర్‌షిప్ లాగే ఇదీ మన సమస్యే.

కొనాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. పొద్దున్నే పోండి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మీ చేత్తో స్టార్టు చేయండి. నీలం పొగ వస్తే ఆయిలు తాగే బండి. ఆయిలు మూత తీసి చూడండి, లోపల మజ్జిగ మీగడ లాగా ఉంటే నీళ్లు కలిసినాయి, వెనక్కి తిరిగి రండి. మ్యాట్లు ఎత్తి తుప్పు చూడండి. మీటరును నమ్మొద్దు, దాన్ని తిప్పడం ఐదు నిమిషాల పని. బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ అరుగుదల అబద్ధం చెప్పవు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క, కొన్న వారమే మార్పించండి. మెకానిక్ దగ్గర బండి వదిలేసి టీకి పోవద్దు. పక్కన నిలబడి చూడండి, రెండేళ్లలో సగం పని మీకే వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం ఆర్సీ. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించి అదే నెలలో మీ పేరు మీదికి మార్పించుకోండి. "తర్వాత చూసుకుందాంలే అన్నా" అంటే ఒప్పుకోవద్దు. మీ పాత బండి వేరేవాళ్లకు అమ్మినా ఇదే మాట. ప్రమాదం జరిగితే ఆర్సీలో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనోళ్లకు భూమి కాగితాల్లో ఎట్లా మోసం జరుగుతుందో బండి కాగితాల్లోనూ అట్లే జరుగుతుంది. డబ్బు మనది, పేరు ఇంకొకరిది.

ఇంకోటి. వైట్ బోర్డు బండిలో కిరాయి తీసుకోవద్దు, చట్టం ఒప్పదు, మీ మీద కక్ష ఉన్నవాళ్లకు అదే సందు. నా బండి ఎక్కేవాళ్లు ఎప్పుడైనా యాభైకో వందకో పెట్రోలు పోయిస్తారు, లేనివాళ్లు పోయించరు. ఆదివారాలు మా వాడ పిల్లలకు మామిడితోపు పక్క మట్టిరోడ్డులో నడపడం నేర్పిస్తా ఉండాను. డిగ్రీ చదివే ఇద్దరు ఆడపిల్లలకు ఎల్ఎల్ఆర్ వచ్చింది. ఒకమ్మాయి క్లచ్ వదలడం నాకంటే మెత్తగా వదులుతుంది. పోయిన నెల ఇంకో సాక్షిని కోర్టుకు తీసుకుపోయినప్పుడు పాకాల దాకా ఆమే నడిపింది, అక్కడ వాళ్ల పిన్నమ్మను ఎక్కించుకుని వెనక్కి వచ్చి చిత్తూరు పోయినాం. ఎడమపక్క డోరు తీయడానికి ఆమే దిగింది.

వచ్చే ఆదివారం డీకేటీ భూముల సంగతి రాస్తాను. పట్టాలు, పాసు పుస్తకాలు ఉన్నవాళ్లు ఫొటోలు తీసి దగ్గర పెట్టుకోండి.