వంశావళి దొరకని వారు

చెన్నై నగరంలో ‘మీ పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారు?’ అన్న ప్రశ్నకు అందరి జవాబుకూ ఒకే విలువ లేదు. కొందరికి ఆ జవాబు ఉద్యోగం తెచ్చింది, బడి తెచ్చింది, శాసనసభలో కుర్చీ కూడా తెచ్చింది. మరికొందరిని అదే జవాబు తహసీల్దారు కార్యాలయం మెట్ల మీదే ఆపేసింది. మొదటివారు పోర్చుగీసు మొదలైన యూరపు జాతుల సంతతి. రెండోవారు మన తెలుగువాళ్లు, తెల్లవారకముందే లేచి ఈ నగరాన్ని ఊడ్చేవాళ్లు. ఈ రెండు వలసల స్థితిగతులను పక్కపక్కన పెట్టి చూడమని పాఠకులను, ముఖ్యంగా మన యువతీ యువకులను కోరుతున్నాం.

ముందు ఓడల్లో వచ్చినవారి సంగతి. 1510లో గోవాను పట్టుకున్న అల్బుకెర్క్ తన సైనికులు స్థానిక స్త్రీలను పెళ్లాడటాన్ని ప్రోత్సహించాడు. అలా మొదలైన కుటుంబాలు తీరం వెంబడి విస్తరించాయి. 1520లలో పోర్చుగీసువారు మైలాపూరు తీరంలో, అపొస్తలుడైన తోమా సమాధి అని నమ్మే చోట గుడి కట్టి శాంతోమ్ పట్టణాన్ని నిలుపుకున్నారు. ఇప్పటి స్పెయిన్‌లోని నవార్రా ప్రాంతంలో పుట్టిన ఫ్రాన్సిస్ జేవియర్ 1545లో కొన్ని నెలలు అక్కడే ఉన్నాడు. 1580 నుంచి 1640 వరకు స్పెయిన్, పోర్చుగల్ దేశాలకు ఒకడే రాజు. ఆ కాలంలోనే, 1606లో, మైలాపూరు మేత్రాసనం ఏర్పడింది.

స్పెయిన్‌లో మూలాలున్న మరో వలస కూడా ఇక్కడికి వచ్చింది. 1492లో స్పెయిన్ తన యూదులను వెళ్లగొట్టింది. పోర్చుగల్‌కు పారిపోయినవారికి 1497లో బలవంతంగా బాప్తిస్మం ఇచ్చారు. క్రైస్తవులం అనుకున్న రాజులు చేసిన పని ఇది, మనం మరచిపోకూడదు. ఆ యూదుల సంతతిలో కొందరు 17వ శతాబ్దంలో వజ్రాల వ్యాపారం కోసం మద్రాసు చేరారు. వజ్రాలు ఎక్కడివి? కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులవి. అక్కడ ఆడా మగా పిల్లా జెల్లా కలిసి సుమారు 60,000 మంది పనిచేస్తుండగా చూశానని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. వజ్రం కొన్నవాడి పేరు చరిత్రలో మిగిలింది. తవ్వినవాడి పేరు ఎక్కడా లేదు.

1639లో ఇంగ్లీషు కంపెనీకి ఈ ఇసుక తీరాన్ని ఇచ్చినవారు తెలుగు నాయకులైన దామెర్ల సోదరులు. వారి తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. 1688లో మద్రాసు కార్పొరేషన్ మొదలైనప్పుడు మేయరు పక్కన కూర్చున్న ఆల్డర్‌మెన్లలో ఇంగ్లీషువారితో పాటు పోర్చుగీసు వర్తకులు, యూదు వజ్రాల వర్తకులు, హిందూ వర్తకులు ఉన్నారు. ఆ రోజుల్లో కంపెనీతో లావాదేవీలు నడిపిన పెద్ద వర్తకుల్లో మనవాళ్లు చాలామంది. అంటే ఈ నగరం మొదటి నుంచీ వలస వచ్చినవారిదే. బల్ల దగ్గర చోటు మాత్రం డబ్బున్న వలసదారులకే దొరికింది.

తర్వాత ఏమైంది? వజ్రాల వ్యాపారం తగ్గాక యూదులు వెళ్లిపోయారు, కొన్ని సమాధి రాళ్లు మిగిలాయి. పోర్చుగీసు సంతతిలో ధనికులు కొందరే. జాన్ డి మోంటే అనే వ్యాపారి ఆస్తులు సంఘానికి దక్కాయి, ఆళ్వార్‌పేటలో ఆయన పేరిట ఇంకా ఒక కాలనీ ఉంది. ఎక్కువమంది మాత్రం సిపాయిలుగా, గుమాస్తాలుగా, నౌకర్లుగా బతికినవారే. సెయింట్ థామస్ మౌంట్‌ను తమిళులు నేటికీ ‘పరంగిమలై’ అంటారు. ఆ పరంగుల పిల్లలే కాలక్రమంలో ఇంగ్లీషు, డచ్చి, ఫ్రెంచి సంతతితో కలిసి ఆంగ్లో-ఇండియన్లు అయ్యారు.

ఇక్కడ చట్టం వారి చేయి పట్టుకుంది. రాజ్యాంగం 366వ అధికరణ, రెండో క్లాజు ప్రకారం తండ్రి వైపు మగ పూర్వీకుల్లో ఒక్కరు యూరపు సంతతి అయినా, ఇక్కడే పుట్టి స్థిరపడినవారు ఆంగ్లో-ఇండియన్లే. పోర్చుగీసు తాతైనా, స్పానిష్ తాతైనా సరే. అమ్మ వైపు లెక్కలోకి రాదు. ఈ వంశాల్లో అమ్మమ్మలు, నానమ్మలు ఎక్కువమంది ఈ దేశపు స్త్రీలే. చట్టం ఓడ దిగిన మగవాణ్ని గుర్తుపెట్టుకుంది, అతనికి అన్నం వండిపెట్టిన స్త్రీని మరిచిపోయింది.

ఆ నిర్వచనం ఆధారంగా రైల్వే, కస్టమ్స్, తంతి తపాలా ఉద్యోగాల్లో రాజ్యాంగం అమల్లోకి వచ్చాక కూడా పదేళ్లు వారికి ప్రత్యేక వాటా దక్కింది. వారి బడులకు గ్రాంటు దక్కింది. 1715లో అనాథ పిల్లల కోసం మొదలైన సెయింట్ జార్జి పాఠశాల నుంచి మొదలుపెడితే, ఇంగ్లీషు చదువు వారికి మూడు వందల ఏళ్ల నాటి ఆస్తి. లోక్‌సభలో ఇద్దరిని, రాష్ట్ర శాసనసభలో ఒకరిని నామినేట్ చేసే వీలుండేది. 104వ సవరణతో 2020 జనవరి 25 నుంచి అది పోయింది. 2011 జనగణన ప్రకారం దేశంలో ఆంగ్లో-ఇండియన్లు 296 మందే అని అప్పుడు పార్లమెంటులో కేంద్ర మంత్రి చెప్పారు. ఆ సముదాయ నాయకులు ఆ లెక్కను గట్టిగా ఖండించారు. ఒక సముదాయాన్ని సరిగా లెక్కపెట్టకుండానే దాని గొంతు తీసేయడం అన్యాయమే అని మేము భావిస్తున్నాం.

వారందరూ సుఖంగా ఉన్నారని ఎవరూ అనుకోవద్దు. వాటా ముగిశాక చదువూ డబ్బూ ఉన్నవారు ఆస్ట్రేలియా, కెనడా, ఇంగ్లండ్ దారి పట్టారు. పెరంబూరు, రాయపురం, పల్లావరం అద్దె ఇళ్లలో చిన్న పింఛనుతో నెట్టుకొచ్చే వృద్ధులు మిగిలారు. ప్రభుత్వం ఇచ్చిన ఉద్యోగం మీద మాత్రమే నిలబడ్డ సముదాయం, అది ఆగిన రోజున ఎలా తడబడుతుందో వారి కథ చెబుతుంది. అయినా వారి చేతిలో రెండు మిగిలాయి: బడి, రిజిస్టరు. ఎవరు ఎవరికి పుట్టారో, ఎప్పుడు బాప్తిస్మం పొందారో, ఎక్కడ సమాధి అయ్యారో చర్చి పుస్తకాల్లో ఉంది.

ఇప్పుడు రెండో వలస చూద్దాం. నెల్లూరు, చిత్తూరు వంటి జిల్లాల నుంచి మాదిగ, మాల కుటుంబాలు కరువులకూ వెట్టికీ తాళలేక మద్రాసు దారి పట్టాయి. పెరుగుతున్న నగరానికి మలం ఎత్తేవాళ్లు, చెత్త లాగేవాళ్లు కావాలి. ఆ పనిని కులం చూసి అప్పగించారు, తాత నుంచి మనవడి దాకా దాన్ని దాటనివ్వలేదు. ఈ వలస చరిత్రలో సంఘానికీ ఒక పేజీ ఉంది. 1876-78 కరువులో మిషనరీ క్లౌ ఒంగోలు ప్రాంతంలో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు పని చూపించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారు కొంతమేర తవ్విన ఆ కాలువే మద్రాసు దాకా వచ్చి మైలాపూరు మీదుగా పోతుంది. లజ్ చర్చికీ శాంతోమ్ చర్చికీ మధ్య పారే ఆ మురికి నీళ్లలో మన పెద్దల చెమట కూడా ఉందని ఎందరికి తెలుసు?

ఈ కుటుంబాలకు చట్టం ఏమిచ్చింది? తమిళనాడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఆది ఆంధ్ర, మాదిగ, మాల, అరుంధతియార్ పేర్లు ఉన్నాయి. 2009లో అరుంధతియార్, ఆది ఆంధ్ర, మాదిగ మొదలైన ఏడు కులాలకు 3 శాతం ఉప వాటా చట్టం వచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. సంతోషమే. కానీ వాటా అందుకోవాలంటే కుల ధ్రువపత్రం కావాలి. ఇంట్లో తెలుగు మాట్లాడతారు కాబట్టి ‘మీరు ఆంధ్రావాళ్లు, అక్కడికి వెళ్లి తెచ్చుకోండి’ అంటారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుకు ముందే మీ కుటుంబం ఇక్కడ ఉందని కాగితం చూపమంటారు. గుడిసె పట్టా లేని తాత, బడి ముఖం చూడని నానమ్మ ఏ కాగితం దాచిపెడతారు? కూవం ఒడ్డు నుంచి కణ్ణగి నగర్‌కో పెరుంబాక్కానికో తరలించినప్పుడు ఉన్న నాలుగు కాగితాలూ పోయినవారు కూడా ఉంటారు.

క్రైస్తవులకు దీనిపైన ఇంకో తాళం ఉంది. 1950 ఉత్తర్వులోని మూడో పేరా దళితుల్లో హిందువులకే షెడ్యూల్డు కుల హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు బయటే ఉన్నారు. ఈ షరతు తీసేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు. దీని ఫలితం ఎంత విచిత్రమో చూడండి. పోర్చుగీసు సంతతివారికి బాప్తిస్మ రిజిస్టరు వంశానికి సాక్ష్యం. తెలుగు పారిశుద్ధ్య కార్మికుడికి అదే రిజిస్టరు ఒక తలుపు తెరిచి రెండో తలుపు మూస్తుంది. తాత 1940లో ఈ నగరంలోనే ఉన్నాడని అది రుజువు చేస్తుంది, అదే వరుసలో అతను క్రైస్తవుడని కూడా రుజువు చేస్తుంది. అందుకే ఒకే మనిషికి ఆరాధనలో ఒక పేరు, కాగితాల్లో ఇంకో పేరు. దీన్ని అబద్ధమని ఎగతాళి చేసే విశ్వాసులు ముందు ఆ తాళం ఎవరు వేశారో అడగాలి.

ఇక జీతం మాట. 2025 ఆగస్టు 1 నుంచి రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల పారిశుద్ధ్య కార్మికులు, ఎక్కువమంది దళిత మహిళలు, పనిని ప్రైవేటు సంస్థకు అప్పగించవద్దని కార్పొరేషన్ రిప్పన్ భవనం ముందు 13 రోజులు కూర్చున్నారు. హైకోర్టు ఆదేశం తర్వాత ఆగస్టు 13 అర్ధరాత్రి పోలీసులు వారిని అక్కడి నుంచి తీసుకుపోయారు. 1688లో వర్తకుడైన వలసదారును బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్న కార్పొరేషన్, ఊడ్చే వలసదారు మనవరాలిని గేటు లోపలికి కూడా రానివ్వలేదు.

లేఖనం ఇలాంటివారిని ఎరుగును. ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయంలో, చెరనుండి తిరిగొచ్చినవారిలో కొందరు తమ వంశావళి పుస్తకంలో పేర్లు వెదికితే దొరకలేదు, వారిని యాజకత్వం నుంచి తొలగించారు. యెహోషువ తొమ్మిదో అధ్యాయంలో గిబియోనీయులను తరతరాలకూ కట్టెలు నరికేవారిగా, నీళ్లు తోడేవారిగా చేశారు. వారిమీద సౌలు చేసిన హింసకు దావీదు కాలంలో దేశమంతా మూడేళ్లు కరువు అనుభవించింది. పనివాళ్ల మీద చేసిన అన్యాయాన్ని దేవుడు దేశం లెక్కలో రాశాడు. చివరికి మత్తయి రాసిన యేసు వంశావళి చూడండి. రాహాబు, రూతు అనే పరదేశి స్త్రీలు పేర్లతో సహా అందులో ఉన్నారు. మన రాజ్యాంగ నిర్వచనం వదిలేసిన అమ్మమ్మలను సువార్త లెక్కపెట్టింది.

కాబట్టి మా మాట స్పష్టంగా చెబుతున్నాం. ఒకటి, పారిశుద్ధ్య కార్మికుడి తాతకు జీతమిచ్చింది కార్పొరేషనే. ఆ పాత సర్వీసు రిజిస్టర్లనే నివాస రుజువుగా ప్రభుత్వం అంగీకరించాలి. రెండు, 1950 ఉత్తర్వులోని మూడో పేరా పోవాలి. మూడు, నగరాన్ని శుభ్రంగా ఉంచేవారికి కాంట్రాక్టు కూలి కాదు, పర్మనెంటు ఉద్యోగం కావాలి. నాలుగు, ఆంగ్లో-ఇండియన్ పేదలను కూడా సరిగా లెక్కపెట్టి వారి వృద్ధులను ఆదుకోవాలి. పేదలతో పేదలను పోల్చి ఒకరి ముద్ద ఒకరు లాక్కునేలా చేయడం మా ఉద్దేశం కాదు.

సంఘాన్ని అడిగేది వేరే ఉంది. మిషనరీలు కట్టిన ఇంగ్లీషు బడులు మన చేతిలో ఉన్నాయి. వాటి గేటు దగ్గర చీపురు పట్టుకున్న తల్లి బిడ్డ లోపల తరగతిలో ఉన్నాడా? మన సంఘ కమిటీల్లో ఆమెకు ఓటుతో పాటు పదవి ఉందా? పెళ్లి సంబంధం మాటొచ్చేసరికి ‘ఏ ఊరు, ఏ పేట’ అని అడగడం మానామా? కోలారు గనుల్లో ఇలాంటి తెలుగు కుటుంబంలోనే పుట్టిన బెజవాడ విల్సన్, తన ఇంటివారు చేసిన పనిని దేశమంతటా మాన్పించడానికి జీవితం ధారపోసి 2016లో మెగసెసె పురస్కారం అందుకున్నాడు. ఆయన లాంటివారు మన ఆదివార పాఠశాలల్లో ఇప్పుడు కూడా కూర్చుని ఉన్నారు.

యువతీ యువకులారా, ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ సంఘానికి దగ్గరలోని పారిశుద్ధ్య కార్మికుల కాలనీకి వెళ్లి పెద్దలను అడగండి: ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ ఏడు, ఎవరి వెంట, మొదట ఏ వీధి ఊడ్చారు? తాతల పేర్లు, అమ్మమ్మల పేర్లు రాయండి. ఉన్న పాత కాగితాల నకళ్లు తీసి భద్రపరచండి. ధ్రువపత్రం కోసం వారు ఆఫీసుకు వెళ్లే రోజున మీరూ వెంట వెళ్లండి. వంశావళి దొరకలేదని ఎవరూ తోసివేయబడని రోజు రావాలంటే, ఆ పుస్తకం రాయడం మనమే మొదలుపెట్టాలి.