షికారుకు డప్పు కొట్టను

2019 డిసెంబర్ 6. అంబేద్కర్ వర్ధంతి. బాబాసాహెబ్ ఫోటోకు వేద్దామని రెండు మూరల బంతిపూలు పట్టుకొని పొద్దున్నే బడికి పోయిన. స్టాఫ్‌రూములో మిఠాయిలు పంచుతున్నరు. నేనొక పిచ్చోన్ని, ఈసారి మాకంటే ముందే వీళ్ళు యాద్జేసుకున్నరే అనుకున్న. "టీవీ చూళ్ళేదా సార్? నలుగుర్నీ లేపేసిండ్రు" అన్నడొక సారు.

షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, పశువుల డాక్టరమ్మను చెరిచి చంపిన కేసులో పట్టుబడ్డ నలుగురు. లారీ డ్రైవర్లు, క్లీనర్లు. ఆ ఆడబిడ్డకు జరిగింది తలుచుకుంటే నాకూ నెత్తురు మరుగుతది. కానీ చేసింది వీళ్ళేనని ఏ కోర్టు చెప్పింది? పోలీసుల మీద జనం పూలు చల్లిండ్రు. 2022లో సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది: తుపాకులు గుంజుకున్నరన్న కథ నమ్మదగ్గది కాదు, చంపాలనే కాల్చిండ్రు, చచ్చిన నలుగురిలో ముగ్గురు మైనర్లు. ఆ రోజు మిఠాయి తిన్నోళ్ళెవరూ ఆ నివేదిక గురించి నాతో మాట్లాడలేదు.

ఎన్‌కౌంటర్ జరిగిన వెంటనే ప్రమోషన్లు, శౌర్య పతకాలు ఇయ్యొద్దని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. లాభం లేని బేరమైతే కోర్టుకు ఆ మాట చెప్పే పనేముంది? పతకం ఒకడికి, ఓటు ఒకడికి, సినిమా టికెట్ల పైసలు ఇంకొకడికి. శవం మాత్రం పేదోడిది.

కోర్టులు ఆలస్యమంటరు. అదే నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి గిన్నెలమ్ముకునే బుడగజంగాల తల్లిని ముగ్గురు చెరిచి చంపిండ్రు. ఆమె కోసం ఏ పట్నం కొవ్వొత్తి పట్టింది? కోర్టు 2020 జనవరి 30న తీర్పు చెప్పింది. ఉరిశిక్ష మంచిదా చెడ్డదా అన్నది వేరే పంచాయితీ. రెండు నెలల చిల్లరలో విచారణ అయితదని మాత్రం తేలింది. మరి చుండూరు? 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి కాలువలో పడేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ ఇరవైమూడేండ్లల్ల ఏ నిందితుడూ తెల్లవారుజామున తుపాకి గుంజుకోలేదు!

మా ఊళ్ళో మోటారు పోతే పోలీసులు ముందు వచ్చేది మాదిగవాడకే. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా నాయినను అట్లనే గుంజుకపోయిండ్రు. మూడు రోజులు కొట్టిండ్రు. మోటారు పటేల్ బామ్మర్ది కొట్టంల దొరికింది. నాయినకు ఎడమ మోచెయ్యి ఇప్పటికీ చాపరాదు. ఆ రాత్రి ఎవనికన్నా పతకం మీద మనసయితే, నేను ఇయ్యాల సారును కాకపోదును.

మన హాస్టల్ పిల్లలు కూడా ఆ రోజు చప్పట్లు కొట్టిండ్రు. తమ్ముళ్ళారా, మీతోనే నా కొట్లాట. దొర షికారుకు పోతే డప్పు కొట్టి పందిని తోలింది మన తాతలే. వెట్టి కనుక కొట్టిండ్రు. మీకేం వచ్చింది?

సాయంత్రం ఇంటికి పోతే టీవీల పూలు చల్లుడే మల్లమల్ల చూపిస్తున్నరు. నాయిన కాసేపు చూసిండు. "గా పోరగాండ్ల అవ్వలకు శవాలిచ్చిండ్రా బిడ్డా?" అని అడిగిండు. ఇంకా ఇయ్యలేదు అన్న. టీవీ బందు చెయ్యమని గోడకు తిరిగి పండుకున్నడు.