ఎవరి కుంచంతో కొలుస్తున్నాం?

శాస్త్రానికి దేశం లేదంటారు. మొదటి సంవత్సరం మొదటి క్లాసులోనే మా ఫిజిక్స్ లెక్చరర్‌గారు ఈ మాట చెప్పారు. మేమంతా బుద్ధిగా నోట్సులో రాసుకున్నాం. ఆ మాటను కాదనటానికి నేనీ వ్యాసం రాయటం లేదు. న్యూటన్ సూత్రం లండన్‌లో ఎలా పనిచేస్తుందో పలాసలోనూ అలాగే పనిచేస్తుంది. అయితే సూత్రం వేరు, కొలత వేరు. నీరు ఎందుకు మరుగుతుందన్నదానికి ఎక్కడైనా ఒకటే కారణం. అయినా సముద్రపొడ్డున నూరు డిగ్రీల దగ్గర మరిగే నీరు లంబసింగి కొండమీద అంతకన్నా ముందే మరుగుతుంది. అక్కడ థర్మామీటరు పెట్టి చూసి "ఈ నీళ్లలో ఏదో రోగముంది" అన్నవాణ్ణి శాస్త్రజ్ఞుడని ఎవరూ అనరు. మనిషి మెదడును కొలిచే విషయంలో మాత్రం మనం ఇంచుమించు ఆ పనే చేస్తున్నామని నా అనుమానం. ఆ అనుమానాన్ని సాటి విద్యార్థుల ముందు, గురువుల ముందు పెట్టాలని ఈ ప్రయత్నం.

పుర్రెను తెరవకుండా లోపలున్న మెదడును చూడటమనేది ఒకప్పుడు కల. 1971 అక్టోబర్ 1న లండన్ శివారు వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సి.టి. యంత్రం మొదటిసారిగా ఒక రోగి మెదడును చిత్రించింది. ఎనిమిదేళ్లకు, 1979లో, ఆయనకూ కార్మాక్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ తర్వాత ఎం.ఆర్.ఐ. వచ్చింది, పెట్ స్కాన్ వచ్చింది. ఇప్పుడు ఇంకో అడుగు ముందుకు వేసి, మెదడులో జరుగుతున్నదాన్ని రక్తపు చుక్కలో చదువుతున్నారు. అల్జీమర్స్ వ్యాధిలో మెదడులో పేరుకునే అమిలాయిడ్, టౌ అనే ప్రోటీన్ల జాడ రక్తంలో దొరుకుతుంది. ఇలాంటి జాడలనే బయోమార్కర్లు అంటున్నారు, జీవసూచికలు అనుకోవచ్చు. 2025 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మొట్టమొదటిసారిగా ఇలాంటి రక్తపరీక్షకు అనుమతి ఇచ్చింది. మతిమరుపు లక్షణాలున్న, 55 ఏళ్లు నిండినవారి కోసం అది. ఇవన్నీ మనిషి బుద్ధి సాధించిన ఘనవిజయాలే. ఎవరూ కాదనరు.

కాని పరీక్ష ఇచ్చేది ఒక అంకె మాత్రమే. ఆ అంకె ఎక్కువో తక్కువో చెప్పాలంటే పక్కన ఇంకో అంకె ఉండాలి. ఆ రెండో అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే నా ప్రశ్న.

పాతకాలంలో ధాన్యం కుంచంతో కొలిచేవారు. ఒక ఊరి కుంచం మరో ఊరి కుంచానికి సరిపోయేది కాదని మా తాత చెప్పేవాడు. అందుకని బేరం కుదిరాక రైతు మొదట అడిగేది "కుంచం ఎవరిది?" అని. ధర సంగతి ఆ తర్వాతే.

మెదడు కుంచం ఎవరిదో చూద్దాం. మెదడు శస్త్రచికిత్సలోనూ పరిశోధనలోనూ చాలాకాలం దారిచూపిన పటం తలైరాక్ అట్లాస్. దాని 1988 నాటి సంపుటానికి ఆధారం మరణించిన ఒక 60 ఏళ్ల ఫ్రెంచి మహిళ మెదడు. అవును, ఒకే ఒక్క మెదడు! అది చాలదని 1990ల్లో కెనడాలోని మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌వారు మొదట 305 మంది, తర్వాత 152 మంది మెదళ్ల ఎం.ఆర్.ఐ. చిత్రాలను కలిపి ఒక సగటు ప్రమాణాన్ని తయారుచేశారు. ప్రపంచమంతా దాన్నే వాడుకుంటున్నది. అందులో ఉన్నవాళ్లు ఎక్కువమంది తెల్లజాతి యువజనులు. వాళ్లు చేసింది తప్పని నేననను. తమ ఊళ్లో దొరికినవారితో తమ కుంచం చేసుకున్నారు. మనం ఎందుకు చేసుకోలేదన్నదే ప్రశ్న.

చేసుకోలేదనటం పూర్తిగా న్యాయం కాదు. 2019లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామిగారి బృందం, తిరువనంతపురం శ్రీచిత్ర తిరునాళ్ సంస్థతో కలిసి, వందమంది భారతీయ యువతీయువకుల చిత్రాలతో భారతీయ మెదడు అట్లాస్‌ను తయారుచేసింది. పాశ్చాత్యుల సగటుతో పోల్చితే మన సగటు మెదడు పొడవు, వెడల్పు, ఎత్తు, ఘనపరిమాణం అన్నీ కొంచెం తక్కువని తేలింది. ఆ వార్త చదివి హాస్టల్లో ఒకడు "అందుకేరా మనకి మ్యాథ్స్ రావటం లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వుకి నవ్వే గాని, ఆ మాటకు శాస్త్రంలో ఆధారం లేదు. మెదడు సైజుకీ ఒంటి సైజుకీ సంబంధముంది. ఒకే జాతిలో మనిషికీ మనిషికీ ఉండే తేడా, జాతి సగటుకూ జాతి సగటుకూ ఉండే తేడాకంటే చాలా ఎక్కువ. చిన్నదని సిగ్గుపడటమెంత తెలివితక్కువో, "మనది ప్రత్యేకమైన మెదడు" అని మీసం మెలేయటమూ అంతే తెలివితక్కువ. అసలు సంగతి వేరే ఉంది. మతిమరుపు వ్యాధిలో మెదడు, ముఖ్యంగా హిప్పోకాంపస్ అనే జ్ఞాపకాల భాగం, కుదించుకుపోతుంది. పుట్టుకతోనే కొంచెం చిన్నగా ఉన్న ఆరోగ్యవంతమైన మెదడును పెద్ద కుంచంతో కొలిస్తే, కుదించుకుపోయిందని పొరబడే అవకాశం ఉంటుంది.

శస్త్రచికిత్సలో కూడా ఇది చిన్న విషయం కాదు. పార్కిన్సన్ వ్యాధికి మెదడు లోతుల్లో ఎలక్ట్రోడ్ అమర్చే చికిత్సలో గురిపెట్టే సబ్‌తలామిక్ కేంద్రకం సెనగగింజకంటే పెద్దది కాదు. ఒకటి రెండు మిల్లీమీటర్లు తప్పినా లెక్క మారిపోతుంది. ఇప్పుడు సర్జన్లు ఆ రోగి సొంత ఎం.ఆర్.ఐ. చూసే దారి నిర్ణయిస్తారు, అట్లాస్‌ని గుడ్డిగా నమ్మరు. అది మంచిదే. కాని కంప్యూటరు ఆ చిత్రంలో ఏ భాగం ఏదో గుర్తించి, సైజు లెక్కగట్టి, "వయసుకు తగినట్టుంది", "వయసుకు తగినట్టు లేదు" అని చెప్పేటప్పుడు దాని వెనక ఎవరిదో ఒకరి కుంచం ఉండితీరుతుంది.

ఇది నాకు పుస్తకాల్లో తట్టిన ప్రశ్న కాదు. మాది ఉద్దానం. కొబ్బరి, జీడితోటల ఊరు. రెండేళ్ల కిందట మా మామ్మకు మరుపు ఎక్కువైందని పట్నంలో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. ఒక కుర్ర డాక్టరు కాగితం పట్టుకుని వరసగా అడిగాడు. ఈరోజు తారీకెంత? ఇది ఎన్నో అంతస్తు? నూరులోంచి ఏడు తీసేస్తే ఎంత, అందులోంచి మళ్లీ ఏడు తీసేస్తే ఎంత? ఒక వాక్యం రాయి. మా మామ్మ పుట్టి బుద్ధెరిగి పలక పట్టలేదు. "తారీకు నాకేటి తెలుస్తాది నాయినా, ఆరుద్ర కార్తె వచ్చీసింది" అంది. ఆరుద్ర వచ్చిన మాట నిజమే. నూరులోంచి ఏడు తీయమంటే ఊరుకుంది గాని, ఏ దళారి ఎన్ని పుంజీల కాయలు పట్టుకెళ్లాడో, ఇంకా ఎంత బాకీ ఉన్నాడో వేళ్లమీద లెక్కగట్టి చెప్పగలదు. ఆ కాగితంలో బాకీల ప్రశ్న లేదు. ముప్ఫైకి పదకొండు మార్కులు వేశారు. స్కాను రిపోర్టులో "వయసుకు మించిన కుదింపు" అని వచ్చింది. "ఎవరి వయసుతో పోల్చారండీ?" అని అడిగాను. కంప్యూటరు ఇచ్చిందన్నారు. ఆ డాక్టరు మీద నాకు కోపం లేదు, బయట వరసలో ఇంకా నలభైమంది ఉన్నారు. తర్వాత మరోచోట చేయించిన రక్తపరీక్షలో బి-12 విటమిన్ బాగా తక్కువుందని తేలింది. ఇంజెక్షన్లు పడ్డాక కొంత తేరుకుంది. మరుపు అసలు లేదని చెప్పను. కాగితం చెప్పినంత లేదని మాత్రం చెప్పగలను.

అక్షరం రానివాళ్లను అక్షరం వచ్చినవాళ్ల ప్రశ్నలతో కొలవకూడదని పెద్దలు ఎప్పుడో గ్రహించారు. 1975లో అమెరికాలో వచ్చిన ఆ ముప్ఫై మార్కుల పరీక్షను హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం మార్చి 1995లోనే హిందీ పరీక్ష చేశారు. 2020లో భారత వైద్య పరిశోధనా మండలి తెలుగుతో సహా ఐదు భాషల్లో పరీక్షల సంపుటి తెచ్చింది. కుంచం తయారైంది గాని కొట్లోకి రాలేదన్నమాట!

రక్తపరీక్షల సంగతి మా ఊరివాణ్ణిగా నన్ను మరీ కలవరపెడుతుంది. టౌ ప్రోటీన్‌లో పి-టౌ 217 అనే రూపం అల్జీమర్స్‌కు మంచి సూచిక అంటున్నారు. కాని మూత్రపిండాలు దెబ్బతిన్నవారి రక్తంలో అల్జీమర్స్ లేకపోయినా ఇది పెరిగి కనబడుతుందని పరిశోధనలు చెప్పాయి. రెండు ప్రోటీన్ల నిష్పత్తి తీసుకుంటే ఈ ప్రభావం కొంత తగ్గుతుందని కూడా చూపించారు. సరే, ఉద్దానమంటేనే కిడ్నీ జబ్బు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలని జబ్బు మా ఇళ్లలో తిష్ట వేసింది. ఎక్కడో ఆరోగ్యవంతులైన వృద్ధుల రక్తం చూసి గీసిన గీతను రేపు సోంపేటలోనో కవిటిలోనో గీస్తే ఎంతమంది దాటిపోతారు? అందులో ఎందరిది మెదడు జబ్బు, ఎందరిది కిడ్నీ జబ్బు? మా దగ్గర సరిచూడకుండా ఆ అంకెను నమ్మమంటే ఎలా నమ్ముతాం?

ఇక్కడ ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. "మీ ఊరి ఆరోగ్యకేంద్రంలో బి.పి. చూసేవాడే సమయానికి ఉండడు, నీకు అట్లాసులెందుకురా?" అని. అతని మాటలో నిజముంది. బి.పి., షుగరు, బి-12 చూడటం ముందు. అందులో రాజీ లేదు. అయితే యంత్రాలు మన అనుమతి అడిగి రావు. స్కానింగ్ సెంటరు జిల్లా కేంద్రం దాటి చిన్న పట్టణాల దాకా వచ్చేసింది. యంత్రంతోపాటు దానిలోని కుంచం కూడా వస్తుంది. వ్యవసాయంలో ఈ పొరపాటు చేయం. భూసార పరీక్ష కార్డులో "తక్కువ, మధ్యస్థం, ఎక్కువ" అని రాసేముందు ఆ ప్రాంతపు నేలల్లో, ఆ ప్రాంతపు పైర్లమీద ప్రయోగాలు చేసి హద్దులు నిర్ణయిస్తారు. మన్నుకు ఇచ్చిన గౌరవం మనిషికి ఇవ్వమంటున్నాను, అంతే.

పైగా మన లెక్క మనకోసమే కాదు, ప్రపంచానికీ పనికొస్తుంది. 2013లో హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడిగారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు లేక అంతకుమించి భాషలు మాట్లాడేవారికి జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిందని ప్రకటించింది. బడికి వెళ్లనివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. చదువు ప్రభావాన్నీ భాషల ప్రభావాన్నీ విడదీసి చూపటం అలా వీలైంది. తెలుగు, ఉర్దూ, హిందీ కలిపి బతికే ఊళ్లోనే ఆ పరిశోధన సాధ్యపడింది. ఇలాంటివి ఇంకా రావాలి. బెంగుళూరు నిమ్‌హాన్స్‌వారు 2020లో 6 నుంచి 60 ఏళ్ల వరకు ఐదు వయోవర్గాలకు భారతీయ ప్రమాణాలు ఇచ్చారు. గొప్ప పని. కాని మతిమరుపు మొదలయ్యేది సాధారణంగా ఆ అరవై దాటాకే గదా! కోలారు జిల్లా శ్రీనివాసపురంలో, తెలుగు వినిపించే ఆ మామిడితోటల పల్లెల్లో, 45 ఏళ్లు దాటినవారు పదివేలమందిని ఏళ్ల తరబడి పరిశీలించాలనే లక్ష్యంతో ఒక అధ్యయనం నడుస్తున్నది. శ్రీకాకుళానికీ అలాంటిది కావాలి. దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షలమంది డిమెన్షియాతో ఉన్నారని 2023లో ప్రచురించిన జాతీయ అంచనా. పట్నాలకంటే పల్లెల్లోనే ఎక్కువ. మరి కుంచంలో పల్లె ఎక్కడుంది?

నేను కోరేవి మూడు. మొదటిది, ప్రతి స్కాను రిపోర్టులోనూ, రక్తపరీక్ష కాగితంలోనూ "ఫలానా దేశంలో ఫలానా వయసువారితో పోల్చాం" అని ఒక్క వాక్యం ఉండాలి. రెండోది, మన ప్రమాణాల్లో అరవై దాటినవారు, చదువురానివారు, షుగరూ కిడ్నీ జబ్బులూ ఉన్నవారు చేరాలి. మూడోది, రక్తమూ చిత్రాలూ ఇచ్చిన పల్లెవాళ్లకు ఫలితాన్ని తెలుగులో చెప్పాలి. పచ్చి జీడిపిక్కకు తోటలో పలికే ధర, పప్పయ్యాక పట్నంలో పలికే ధర మాకు బాగా తెలుసు. మా సమాచారం కూడా పిక్కలాగే పోకూడదు.

ఇందులో మనం చేయగలిగిందేమిటి? ఎవరైనా పరిశోధకులు ఆరోగ్యవంతులు కావాలని అడిగితే భయపడకుండా పేరివ్వచ్చు. ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో రోడ్డు ఊడ్చి ఫోటో దిగటంతో సరిపెట్టకుండా, గురువుల పర్యవేక్షణలో, పెద్దల అనుమతితో, ఆ తెలుగు పరీక్షను మన పల్లె వృద్ధులకు పెట్టి మామూలు మార్కులెంతో రాయవచ్చు. స్టాటిస్టిక్స్ శాఖవారు సగటులూ విచలనాలూ కట్టిపెడతారు, జంతుశాస్త్రంవారు మేం తిరుగుతాం. వచ్చే వేసవి సెలవుల్లో మొదలుపెట్టడానికి ఇప్పటికి ఐదుగురం ఉన్నాం. మరో పదిమంది కావాలి. లెక్చరర్లలో ఒకరు ముందు నిలబడితే చాలు.